పని ఆపించిన మా ఆపా

సోమవారం పొద్దున జూలూరుపాడు ఆఫీసులో వారపు మీటింగుకు కుర్చీలు సర్దుకుంటుండగా ఖమ్మం నుంచి ఫోన్ వచ్చింది. ఆపా తమ్ముడు. "భాయ్, ఆపా ఇగ లేదు," అన్నాడు. పొద్దున్నే నమాజు చేసుకుని, చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి కుర్చీలో వెనక్కి వాలారట. మరదలు గ్లాసు తీయడానికి వచ్చి పిలిస్తే పలకలేదట. దవాఖానాకు తీసుకుపోయారు గానీ అప్పటికే అయిపోయిందని డాక్టర్లు చెప్పారట.

ఫోన్ పెట్టేసి గదిలో ఉన్నవాళ్లకు చెప్పాను. మా డ్రైవరు మేకుకు తగిలించిన తాళాలు తీసుకుని బయటికి నడిచాడు. కాసేపటికి జీపు స్టార్టయిన చప్పుడు వినిపించింది. ఎవరూ పిలవకుండానే అందరం లేచాం.

ఇది చదువుతున్న మీలో ఆమెను ఎరిగినవాళ్లు కొద్దిమందే ఉంటారు. జూలూరుపాడు దాటి భద్రాచలం దిక్కు పోయే అడవి పల్లెల్లో తల్లుల కోసం పనిచేసే చిన్న స్వచ్ఛంద సంస్థ మాది. అందులో నడిచే ప్రాజెక్టులన్నిటికీ ఆమె పెద్ద. నేను ఆమె కింద ఎనిమిదేళ్లు పనిచేశాను. రెండేళ్ల కిందట గుండె జబ్బు వల్ల ఆమె మానుకున్నాక ఆ కుర్చీ నాకిచ్చారు. ఆమె చేసిన ఉద్యోగం గురించి ఎవరైనా అడిగితే ఒక్క మాటలో చెప్పడం నాకు ఇప్పటికీ కష్టమే. సంస్థ ఎందుకు పుట్టిందో ఆ సంగతినీ, మేం రోజూ చేసే పనినీ పక్కపక్కన పెట్టి చూస్తూ ఉండటమే ఆమె ఉద్యోగం. వినడానికి ఇదేం పెద్ద పని అనిపిస్తుంది. నాకూ మొదట్లో అట్లాగే అనిపించింది.

ఆమెది ఖమ్మంలో తరాలుగా స్థిరపడిన ముస్లిం కుటుంబం. తండ్రి స్టవ్‌లు బాగుచేసేవారు, ఇప్పుడా దుకాణం తమ్ముడిది. ఆఫీసులో చిన్నా పెద్దా అందరం ఆమెను ఆపా అనేవాళ్లం. ఉర్దూలో అక్క అని. అడవి పల్లెలవాళ్లు అదే ఆమె పేరనుకుని చివర ఒక అమ్మను తగిలించి ఆపమ్మను చేశారు. ఆమె ఎన్నడూ సరిదిద్దలేదు. నడుస్తున్న పనులను ఆపించడం ఆమెకు అలవాటయ్యాక, "పేర్లనే ఉంది గదా ఆపుడు" అని మా సిబ్బంది చాటున నవ్వుకునేవాళ్లు. ఆ మాట మొదట అన్నది నేనే. ఆమెకు ఆ సంగతి తెలుసు. ఒకసారి నా ముందే ఎవరితోనో, "పేరు మంచిగనే వెట్టిన్రు," అని నవ్వారు కూడా.

మా సంస్థను మొదలుపెట్టినప్పుడు పెద్దలు రాసుకున్న వాక్యం ఒకటుంది. అడవి పల్లెల్లో ఏ తల్లీ దారిలో కనకూడదు. అంతే, ఇంకేమీ లేదు. వానాకాలం వాగులు పొంగినప్పుడు నొప్పులు పడుతున్న మనిషిని మంచం మీద మోసుకొస్తూ, వాగు దాటలేక, ఒడ్డు మీదే కాన్పు అయిన ఇళ్లు మా దగ్గర చాలా ఉన్నాయి. ఆ వాక్యం అక్కడి నుంచి వచ్చింది. అయితే సంస్థ పెరుగుతున్న కొద్దీ రకరకాల పనులు వచ్చి చేరాయి. దాతలు ఏది చేద్దామంటే దానికి తల ఊపాం. కుట్టు శిక్షణ, సోలార్ దీపాలు, పెరటి కూరగాయలు. ఒక్కటీ చెడ్డ పని కాదు. ప్రతి దానికీ ఒక ప్లాను, ఒక గడువు, ఒక ఇన్‌చార్జి. ఎవరి గడువు వెంట వాళ్లం పరుగెత్తేవాళ్లం.

ఆపా మీటింగులో కూర్చుంటే ముందుగా సోంపు డబ్బీ తీసి అందరికీ తలా చిటికెడు పెట్టేవారు. రిపోర్టు ఏది చేతికిచ్చినా వెనక పేజీ నుంచి చదివేవారు. ముందు పేజీల్లో ఏం చేయాలనుకున్నామో ఉంటుంది, చివరికి ఏమైందో వెనకే గదా ఉంటుంది అనేవారు. ఎవరైనా "పనైపోయింది ఆపా" అంటే, "పనైందా అని అడుగుతలేను తమ్మీ. పనికొచ్చిందా?" అనేవారు. గొంతు పెంచేవారు కాదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగేవారు. అందుకే జవాబు చెప్పడం కష్టంగా ఉండేది.

ఒక సోమవారం ఇన్‌చార్జులందరినీ వరసగా లేపి, మీ పని ఆ వాక్యం దాకా ఎట్లా పోతుందో ఊళ్లో ముసలమ్మకు చెప్పినట్టు చెప్పండి అన్నారు. కుట్టు శిక్షణ చూసే అన్న లేచాడు. "ఆడోళ్లు కుట్టుడు నేర్చుకుంటరు ఆపా. జాకెట్లు కుడితే ఇంత ఆమ్దానీ వస్తది. చేతిల పైసలుంటే కాన్పుకు పోయేటప్పుడు ఆటో కిరాయి పెట్టుకుంటరు."

"మంచిగ చెప్పిండు అన్న," అన్నారు ఆపా. "గానీ వాగు కాడికి పోవాలంటే ఖమ్మం, కొత్తగూడెం అన్నీ తిరిగొచ్చిండు."

అందరం నవ్వాం, ఆ అన్న కూడా నవ్వాడు. మూడు నెలల తర్వాత ఆ శిక్షణను మిషన్లతో సహా, అదే పని చేసే ఇంకో సంస్థకు అప్పగించేశారు. అప్పుడు మాత్రం ఆ అన్న నవ్వలేదు. ఆపా తానే అక్కడివాళ్లతో మాట్లాడి అతన్ని కూడా అందులోకే పంపించారు. అతను ఇప్పటికీ అక్కడే ఉన్నాడు, శిక్షణ బాగా నడుస్తోంది. ఆ రోజుల్లో నాకు మాత్రం ఏ దిగులూ లేదు. నా ప్రాజెక్టు ఏ వంకా తిరగకుండా ఆ వాక్యం దగ్గరికే పోయేది.

నాది తిరుమలాయపాలెం దగ్గర ఊరు. సివిల్ డిప్లొమా చేసి ఈ సంస్థలో చేరాను. వాగుకు ఇవతల, దవాఖానాకు దగ్గరలో ఒక ఇల్లు కట్టడం నాకప్పగించిన పని. నెలలు నిండుతున్న ఆడవాళ్లు కాన్పుకు పది పదిహేను రోజుల ముందే వచ్చి అందులో ఉండాలి. వాగు పొంగినా ఇక భయం ఉండదు. ఆరు మంచాలు, ఫ్యాన్లు, తెల్లటి టైల్సు, లోపలే స్నానాల గది. కట్టించడానికి పట్నం నుంచి ఒక దాతల సంస్థ ముందుకొచ్చింది. వానలు పడకముందే, గడువుకు ఇంకా తొమ్మిది రోజులుండగానే పని ముగించాను. ఆ తొమ్మిది రోజుల గురించి కనిపించిన ప్రతివాడికీ చెప్పుకున్నాను. తలుపు పక్కన నీలం రంగు బోర్డు కూడా పెట్టించాను. గర్భిణులకు మాత్రమే ప్రవేశం.

ప్రారంభం రోజున ఆపా గదులన్నీ తిరిగి చూశారు. పంపు తిప్పి చూశారు. ఒక మంచం మీద కూర్చుని, చేత్తో పరుపు నొక్కి చూసి, "మంచిగ కట్టినవ్ తమ్మీ," అన్నారు. తర్వాత అడిగారు: "ఈడ అన్నం ఎట్ల?"

"పక్క హోటల్ తోని మాట్లాడిన ఆపా. మూడు పూటలు క్యారేజీ వస్తది."

ఆమె తల ఊపారు. ఇంకొక్క ప్రశ్న అప్పుడే అడిగి ఉండాల్సింది, అడగకపోవడం తన తప్పేనని తర్వాత చాలాసార్లు నాతో అన్నారు.

జూన్ పోయింది, జూలై పోయింది. మంచాలు ఖాళీగానే ఉన్నాయి. ఇద్దరు వచ్చి మూడో రోజుకే వెళ్లిపోయారు. నేను రిపోర్టులో నిర్మాణం పూర్తి అని రాసి, కింద ఒక వరుస చేర్చాను, ప్రజల్లో అవగాహన ఇంకా పెరగాలని.

ఆగస్టులో మూడు రోజులు వాన తెరిపి ఇవ్వలేదు. వాగు అవతల గూడెం నుంచి ఒక అమ్మాయిని మంచం మీద తీసుకొచ్చారు. రెండో కాన్పు. వాగు నిండుగా పారుతోంది. ఒడ్డు మీద ప్లాస్టిక్ పట్టా కప్పుకుని ఆగారు. అక్కడే కాన్పు అయింది. బిడ్డ దక్కలేదు. నీళ్లు తగ్గాక తల్లిని ఇవతలికి చేర్చారు, ఆమె బతికింది. ఆ అమ్మాయి పేరు మా జాబితాలో ఉంది. వచ్చి మేం కట్టిన ఇంట్లో ఉండమని మా ఆరోగ్య కార్యకర్త రెండుసార్లు వెళ్లి చెప్పి వచ్చింది కూడా.

మర్నాడు ఆఫీసుకు వస్తూ ఒక కాగితం సిద్ధం చేసుకొచ్చాను. కార్యకర్త ఏయే రోజు వెళ్లింది, ఏం చెప్పింది, వాళ్లేమన్నారు, అన్నీ వరసగా రాసి. ఆపా దాన్ని కింది నుంచి పైకి చదివారు.

"ఇది ఎవలకు చూపిద్దామని రాసినవ్?"

"మనం చెయ్యాల్సింది చేసినమని, ఆపా."

"అవ్, చేసినం. బిడ్డ ఏది?"

ఆమె కాగితాన్ని మడిచి నాకే ఇచ్చి, "జీపు తియ్యమను, పోదాం," అన్నారు.

వాగు మోకాళ్ల దాకా తగ్గింది. ఆపాకు నీళ్లంటే భయం. మా కార్యకర్త చెయ్యి గట్టిగా పట్టుకుని, కింద చూడకుండా అవతలి ఒడ్డున ఉన్న ఒక చెట్టునే చూస్తూ దాటారు. ఒడ్డెక్కాక కాసేపు కూర్చుని, మళ్లీ నడిచారు. ఆ ఇంట్లో అమ్మాయి లోపల పడుకుని ఉంది. అత్త పంచలో కూర్చుని చాటలో కందులు ఏరుతోంది. ఆపా వెళ్లి పక్కన కూర్చున్నారు. కొంతసేపటికి తానూ చాటలో చెయ్యి పెట్టి రాళ్లు ఏరడం మొదలుపెట్టారు. నేను గుంజకు ఆనుకుని నిలబడ్డాను. ఆ ముసలమ్మ లోపలికి చూస్తూ కోడలితో కోయ భాషలో ఏదో అంది. తర్వాత తెలుగులోకి వచ్చింది.

"మీ ఇల్లు చూసిన ఆపమ్మా. మా కార్యకర్త చూపిచ్చింది. మంచిగుంది, పట్నపోళ్ల ఇల్లు లెక్క. గానీ దాంట్ల పొయ్యి లేదు."

"హోటల్ నుంచి మూడు పూటలు..." అని నేను అందుకున్నాను. ఆపా తలెత్తి ఒక్కసారి చూశారు. ఊరుకున్నాను.

"నెలలు నిండిన పిల్లకు ఎవలో వండిన కూడు ఎట్ల పెడతం? నేను వచ్చి వండి పెడతనంటే నాకు జాగ లేదన్నరు. పెద్దోడు మూడేండ్లోడు, వాణ్ని ఏడ ఇడిసిపెట్టాలె? తల్లి లేకుంటే బువ్వ తినడు. పిల్లను ఒక్కదాన్నే పంపి నేను ఇంట్ల కూసుంటే ఇలవేల్పుకు ఏం జెప్పుకోవాలె?" ఆమె చేతులు కందుల మీద ఆగిపోయాయి. "గిట్ల కడుతున్నం, మీకెట్ల గావాలె అని మమ్ములను ఎవలన్న అడిగిన్రా ఆపమ్మా?"

"లేదు," అన్నారు ఆపా. "అడుగలే. తప్పు మాదే."

క్షమించమనలేదు, వివరాలేవీ చెప్పలేదు. చాటలో కందులన్నీ ఏరేదాకా కూర్చుని, లోపలికి వెళ్లి ఆ అమ్మాయి తల మీద చెయ్యి పెట్టి వచ్చారు. తిరిగి వచ్చేటప్పుడు జీపులో నా కళ్ల ముందు నేను రాయించిన నీలం బోర్డే ఉంది.

అప్పటికే దాతల సంస్థ మొదటి ఇల్లు చూసి సంతోషపడి, అట్లాంటివే ఇంకో నాలుగు ఏడాదిలోగా కట్టాలని ఒప్పందం చేసుకుంది. రెండోదానికి నేను ముగ్గు పోయించాను, సిమెంటు దిగింది. సోమవారం మీటింగులో ఆపా నా వైపు తిరిగి, "రెండో ఇంటి పని ఆపు తమ్మీ," అన్నారు.

నాకు పెళ్లయి అప్పటికి ఆరు నెలలు. కొత్తగూడెంలో ఇల్లు కిరాయికి తీసుకున్నాను. మిగతా ఇళ్లు కట్టకపోతే దాతలు వెనక్కి పోతారనీ, మా పోస్టులు వాళ్లిచ్చే డబ్బు మీదే నడుస్తున్నాయనీ అందరికీ తెలుసు. కోపం ఆపుకోలేకపోయాను.

"ఆపుడు అల్కగనే ఉంటది ఆపా. చేసుడే కష్టం. మీరు ఒక్కొక్కటి ఆపుకుంట పోతే మేం ఏం చేసి సూపియ్యాలె?"

గదిలో అందరూ తలలు దించుకున్నారు. ఆపా కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"నువ్వు కడతవ్, నాకు తెల్సు. జల్దీ కడతవ్. గడువుకు ముందే కడతవ్. ఐదు ఇండ్లు ఖాళీగుంటయి. అప్పుడు ఎవలు చూసినా మనం శానా పని చేసినట్టే కనబడ్తది. నా భయం గదే తమ్మీ."

మీటింగు అయ్యాక నన్ను ఆపి, వాళ్ల నాన్న సంగతి చెప్పారు. ఆయన బాగుచేసిన స్టవ్‌ను అట్లాగే ఇచ్చేసేవారు కాదట. దాని మీద చాయ్ పెట్టి, అది మరిగాక, గిరాకీకి ఒక కప్పు ఇచ్చి, తానొక కప్పు తాగి, అప్పుడు చేతికిచ్చేవారట. తొందరలో ఉన్నవాళ్లు విసుక్కునేవాళ్లట. "మంట వచ్చింది గదా చాచా, ఇంకేంది అని లొల్లి చేసేటోళ్లు. మంట చూస్తానికి స్టవ్వు కొన్నవా అని మా అబ్బా ఎదురు అడిగేటోడు." ఆ మాట చెప్పి నవ్వారు. నేను నవ్వలేదు. ఆ సాయంత్రమే రాజీనామా రాసి సంచిలో పెట్టుకున్నాను.

దాతల తరఫున ఇద్దరు వచ్చారు. ఆపా వాళ్లకు ఏ కాగితమూ చూపించలేదు, ఖాళీగా ఉన్న ఇంటికి తీసుకుపోయారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. ఆ బిడ్డ సంగతి విన్నాక వాళ్లలో చిన్నవాడు ఖాళీ మంచం అంచున కూర్చుండిపోయాడు. కానీ వాళ్ల సంస్థకు వాళ్ల నియమాలున్నాయి. ఐదు ఇళ్లని పై వాళ్లకు చెప్పి ఒప్పించాం మేడం, ఒకటే అంటే మా దగ్గర నడవదు అన్నాడు పెద్దవాడు.

"మీరు ఐదు ఇండ్లు గావాలని వచ్చిన్రా, తల్లులు దారిల కనకూడదని వచ్చిన్రా?" అని అడిగారు ఆపా.

"రెండూ మేడం."

"తల్లుల పనికి నాకు ఒక ఏడాది టైమియ్యండి. ఒక్క ఇల్లు నింపి చూపిస్త. తర్వాత మీరు వద్దన్నా కడదాం."

వాళ్లు టైము ఇవ్వలేకపోయారు. మిగిలిన నాలుగు ఇళ్లూ రద్దయ్యాయి. మా సంస్థ బోర్డులో ఇద్దరు ఆపాను గట్టిగా తప్పుపట్టారు. ఇద్దరు ఫీల్డు ఉద్యోగుల పోస్టులు పోయాయి. ఉత్తరం పంపించవచ్చు గానీ, ఆపా వాళ్లిద్దరి ఇళ్లకూ తానే వెళ్లి చెప్పారు. ఒకతనికి ఏన్కూరులో వేరే పని దొరికింది. రెండో అతను ఆమెతో మళ్లీ మాట్లాడలేదు. బజారులో ఎదురైనా మొహం తిప్పుకునేవాడు. ఆమె మాత్రం ప్రతిసారీ పలకరించేవారు. తాను చేసింది సరైనదేనని ఆమె ఎప్పుడూ అనలేదు. ఆ పని చేయక తప్పలేదు అని మాత్రం అనేవారు.

నా రాజీనామా మూడు వారాలు సంచిలోనే ఉంది. ఇవ్వడానికి పోయిన ప్రతిసారీ ఆమె ఏదో ఒక పని చెప్పేవారు. చివరికి ఒక రోజు, "నాలుగు గూడేల నుంచి ముసలోళ్లను పిలిపిచ్చిన. నీ ఇల్లు వాళ్లకు చూపియ్యి. వాళ్లేమంటే అది రాసుకో. నువ్వు ఏం జెప్పకు," అన్నారు.

పది మంది దాకా వచ్చారు. ఆరోజు విన్నది నేను చదువుకున్న ఏ పుస్తకంలోనూ లేదు. బొగ్గు ముక్కతో నా తెల్లటి టైల్సు మీదే గీతలు గీశారు. పొయ్యి వెనక ఉండాలని ఒకామె, ముందుండాలని ఇంకొకామె గంట సేపు పోట్లాడారు. ఎత్తు మంచాలు వద్దన్నారు, నెలలు నిండిన మనిషి ఎక్కి దిగలేదని. స్నానాల గది లోపల ఉంటే చీకటిగా ఉంది, జారుతుంది అన్నారు. ఒకామె కోళ్ల గురించి అడిగింది. ఎన్ని రోజులుండాలో తెలియదు, కోళ్లను వదిలి ఎట్లా వస్తామని. నేను ఆపా వైపు చూశాను. "రాస్కో," అన్నారు.

వెనకాల రేకుల పంచ దించి మూడు పొయ్యిలు వేశాం. రెండు గదులు పెద్దవాళ్లకూ పిల్లలకూ ఇచ్చాం. మంచాల కాళ్లు కురచ చేయించాం. కోళ్లకు తడిక కట్టాం. నీలం బోర్డు మాత్రం ఆపా ఎవరితోనూ తీయించలేదు. నా చేతికి స్క్రూడ్రైవర్ ఇచ్చి పక్కన నిలబడ్డారు.

ప్లాను కూడా మళ్లీ రాయమన్నారు. పాతదానిలో మొదటి వరుస నిర్మాణం పూర్తయ్యే తేదీ. కొత్తదానిలో మొదటి వరుస, వాగు పొంగిన రోజున అవతలి ఊళ్లలో నెలలు నిండినవాళ్లు ఎంతమంది, వాళ్లలో ఇవతల ఉన్నవాళ్లు ఎంతమంది. మిగతా వరుసలన్నీ దాని కింద. ఏ పనైనా ఆ మొదటి వరుసను కదిలిస్తుందా లేదా అని చూసి, కదిలించకపోతే కొట్టేయమన్నారు. అన్నిటికన్నా పైన ఆ పాత వాక్యాన్ని నా చేత్తో రాయించారు. టైపు చేయిస్తానంటే ఒప్పుకోలేదు. "టైపు జేస్తే చేతికి తెల్వది తమ్మీ," అన్నారు. రాజీనామా కాగితం ఏమైందో నాకు గుర్తు లేదు. ఎప్పుడో ఒకసారి సంచి ఉతికితే అందులోనే ముద్దయిపోయి ఉంటుంది.

మరుసటి వానాకాలం జూన్‌లో మొదట వచ్చింది ఆ గూడెం ముసలమ్మే, పక్కింటి అమ్మాయిని వెంటబెట్టుకుని. వస్తూనే పొయ్యి ముట్టించింది. ఆ నెలాఖరుకు గదులు చాలక పెద్దవాళ్లు పంచలో పడుకున్నారు. ఆ తర్వాత రెండేళ్లకు ఆమె తన కోడలిని కూడా తీసుకొచ్చింది. వాగు నాలుగు రోజులు దారి ఇవ్వలేదు. మూడో రోజు దవాఖానాలో ఆడపిల్ల పుట్టింది. ఆపా చూడటానికి వచ్చి, పిల్లను ఎత్తుకోమంటే, "ముందు చేతులు కడుక్కోనీ," అంటూ పంపు దగ్గరికి వెళ్లి చాలాసేపు అక్కడే నిలబడ్డారు. నేను అటు వెళ్లలేదు.

అన్నీ బాగుపడ్డాయని చెప్పను. ఇంకో ఏడాది ఒకామెకు ఆటోలోనే కాన్పు అయింది. ఆ ఏడు మా వార్షిక నివేదిక ఆ సంగతితోనే మొదలైంది. బోర్డువాళ్లు దాన్ని లోపలి పేజీలకు జరపమంటే ఆపా ఒప్పుకోలేదు. ఆ తర్వాత వేరే దాతలు వచ్చారు. ఇప్పుడు మా దగ్గర అట్లాంటి ఇళ్లు మూడున్నాయి. ఒక్కోటీ ఒక్కోలా ఉంటుంది, ఎందుకంటే ఏ ఊరి ముసలివాళ్ల తీరు వాళ్లది.

ఉద్యోగం మానుకున్నాక ఆమె తమ్ముడి దుకాణంలో కూర్చునేవారు. నేను ఖమ్మం వెళ్లినప్పుడల్లా అక్కడ ఆగేవాణ్ణి. రిపోర్టుల గురించి ఎన్నడూ అడగలేదు. ముసలివాళ్లు ఏమంటున్నారు అని మాత్రం అడిగేవారు. కిందటి నెల వెళ్లినప్పుడు, గర్భిణుల వివరాలు ఫోన్లలో ఎక్కించే కొత్త పద్ధతి ఒకటి ఇస్తామని ఎవరో ముందుకొచ్చారని ఉత్సాహంగా చెప్పాను. ఆమె విని, "మంచిదే. దాంతోని ఎవలన్న రెండు దినాలు ముందుగాల వస్తరా?" అన్నారు. తెలుసుకుని చెబుతానన్నాను. ఇంకా తెలుసుకుంటూనే ఉన్నాను.

ఖమ్మంలో వాళ్ల ఇంటికి మేం చేరేసరికి వాకిట్లో జనం ఉన్నారు. మధ్యాహ్నం రెండు ఆటోలు వచ్చి ఆగాయి. గూడేల నుంచి ఆడవాళ్లు దిగారు. ముందున్న ఒక ముసలమ్మ, "ఆపమ్మ ఇల్లు ఇదేనా?" అని అడిగింది. ఆపా తమ్ముడికి అర్థం కాలేదు, నా వైపు చూశాడు. "అవ్, ఇదే," అన్నాను. లోపల ఆడవాళ్లు జరిగి వాళ్లకు జాగ ఇచ్చారు. ఒకరి మాట ఒకరికి పూర్తిగా తెలియకపోయినా పక్కపక్కనే కూర్చున్నారు. మగవాళ్లం కబ్రస్తాన్ దాకా వెళ్లాం. మట్టి వేసే వంతు నాకూ వచ్చింది.

మర్నాడు మొదటి ఇంటికి వెళ్లాను, అక్కడ ఉన్నవాళ్లకు చెప్పాలని. నలుగురు ఉన్నారు, ఇద్దరికి కాన్పులు అయిపోయాయి. పెద్దవాళ్లు పొయ్యిల దగ్గర ఉన్నారు. చెప్పాను. ఎట్లా పోయిందని అడిగారు, చెప్పాను. ఒకామె కొంగుతో కళ్లు ఒత్తుకుని, ఉడుకుతున్న అన్నం కలియబెట్టింది. నేను వాకిట్లోకి వచ్చాను. ఉన్నట్టుండి చినుకులు మొదలయ్యాయి. తీగ మీద పసిపిల్లల గుడ్డలు ఆరేసి ఉన్నాయి, పాత చీరలు చింపిన మెత్తటి ముక్కలు. లోపలి నుంచి ఎవరో, "సారూ, గుడ్డలు!" అని కేకేశారు. గబగబా లాగాను. ఏది ఎవరి బిడ్డదో నాకు తెలియదు. చేతుల నిండా పట్టుకుని, ఎవరన్నా వచ్చి తీసుకునేదాకా పంచలో అట్లాగే నిలబడ్డాను. కొన్ని ఆరాయి, కొన్ని ఇంకా తడిగానే ఉన్నాయి.